రెండో ఉద్యోగం దొరికే ఊరు

కంపెనీ పెట్టినవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఇది పెట్టకముందు ఎక్కడ పనిచేశారు? ఆ వెంటనే రెండోది: మీ దగ్గర మానేసినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? ఈ జవాబులను కాగితం మీద గీతలతో కలుపుకుంటూ పోతే వంశవృక్షం ఒకటి తయారవుతుంది. హైటెక్ పరిశ్రమలు కొన్ని ఊళ్లలోనే ఎందుకు గుంపుగా, అంటే క్లస్టర్‌గా, పుడతాయన్నది నా పరిశోధన. నాకు కావలసిన సరుకంతా ఆ గీతల్లోనే ఉంటుంది. ఇల్లు వరంగల్ మట్టెవాడలో, పాఠాలు విశ్వవిద్యాలయంలో, ఇంటర్వ్యూలు ఎక్కువగా హైదరాబాద్‌లో. శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని రాసుకున్న నోట్సులే నా వ్యాసాల్లో సగం.

హైదరాబాద్ మందుల కంపెనీల గీతలు పట్టుకుని వెనక్కి పోతే ఎక్కువసార్లు బాలానగర్‌లోని ఐడీపీఎల్ దగ్గర తేలతాం. 1961లో కేంద్రం పెట్టిన సంస్థ అది. సోవియట్ సాయంతో ఇక్కడ సింథటిక్ మందుల కర్మాగారం కట్టారు. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి బయటికొచ్చి, ఒకటి రెండు కంపెనీల తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన మురళి దివి 1990లో తన సొంత సంస్థ మొదలుపెట్టారు. పేర్లు బయటికి రాని కెమిస్టులు, ప్లాంట్ ఆపరేటర్లు, కొనుగోళ్లు చూసినవాళ్లు ఇంకెందరో ఇలాగే చీలిపోతూ వెళ్లారు. 1970 పేటెంట్ల చట్టం వాళ్లకు దారి తెరిచింది. మందు మీద కాక, తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇచ్చిన చట్టం అది. అదే మందును వేరే పద్ధతిలో చేయగల చేతికి విలువ వచ్చింది. ఆ చేతులు అప్పటికే బాలానగర్ చుట్టుపక్కల ఉన్నాయి.

ఐడీపీఎల్ తర్వాత ఖాయిలాపడింది. లెక్కల పుస్తకం ప్రకారం అది విఫలమైన సంస్థ. నేను ఆ మాట ఒప్పుకోను. దాని లాభం దాని ఖాతాలో పడలేదు, ఊరి ఖాతాలో పడింది. ఈ సంగతి క్లాసులో ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

ఈ చూపు నాకు పరిశోధకురాలు అన్నాలీ సాక్సేనియన్ రాతల నుంచి వచ్చింది. 1994లో వచ్చిన ఆమె పుస్తకం సిలికాన్ వ్యాలీని, బోస్టన్ పక్కనున్న రూట్ 128 హైవే ప్రాంతాన్ని పక్కపక్కన పెట్టి చూసింది. రెండుచోట్లా గొప్ప విశ్వవిద్యాలయాలున్నాయి, రెండుచోట్లా రక్షణ శాఖ డబ్బు పారింది. బోస్టన్ కంపెనీలు అన్నీ తమ గోడల లోపలే చేసుకున్నాయి, ఉద్యోగి అక్కడే రిటైర్ కావాలనుకున్నాయి. కాలిఫోర్నియాలో మనిషి మారడం మామూలు సంగతి. 1957లో షాక్లీ ప్రయోగశాల నుంచి ఎనిమిది మంది వెళ్లిపోయి ఫెయిర్‌చైల్డ్ అనే చిప్‌ల కంపెనీ పెట్టారు, అందులోంచి 1968లో ఇంటెల్ పుట్టింది. మానేసినవాడు పోటీ కంపెనీలో చేరకూడదనే షరతు అక్కడి కోర్టుల్లో చెల్లదు. 1980లలో పోటీ దెబ్బ రెండుచోట్లా తగిలింది. తేరుకుని లేచింది సిలికాన్ వ్యాలీ.

అది చదువుతున్నంతసేపూ నాకు మా ఆజంజాహి మిల్లు గుర్తొచ్చింది. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ మిల్లులో నూలు వడకడం నుంచి బట్ట దాకా అన్నీ ఒకే ప్రహరీ లోపల జరిగేవి. వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. చితికి మూతపడ్డాక ఆ పనితనాన్ని అందుకోవడానికి గేటు బయట చిన్న కంపెనీలు పెద్దగా లేవు. మా ఇంటికి దగ్గర్లోని కొత్తవాడ కథ వేరు. అక్కడి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక వీధిలో నూలు, ఇంకో వీధిలో రంగులు, ఇంటింటా మగ్గం. నేతగాళ్ల బతుకు బాగుందని నేను అనను, కూలి రేట్లు చూస్తే గుండె బరువెక్కుతుంది. అయినా ఒక షావుకారితో మాట తేడా వస్తే పక్క గల్లీలో ఇంకొకరి నూలు దొరుకుతుంది. 1890లో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ తన అర్థశాస్త్ర గ్రంథంలో ఇంగ్లండు పారిశ్రామిక ఊళ్ల గురించి రాసింది ఇదే: పనిమంతులకు యజమానులు, యజమానులకు పనిమంతులు వెతుక్కోకుండా దొరకడం.

మరి వరంగల్‌కు హైటెక్ ఎందుకు ఆలస్యమైంది? చదువు లేక కాదు. దేశంలో మొట్టమొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు (ఆర్‌ఈసీ) 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసింది ఇక్కడే. 2002లో నిట్‌గా మారినా ఊళ్లో చాలామందికి అది ఇప్పటికీ ఆర్‌ఈసీయే. అరవై ఏళ్లకు పైగా ఇంజనీర్లు అక్కడ తయారై కాజీపేటలో రైలెక్కుతూనే ఉన్నారు. 2020 జనవరిలో మడికొండలో సైయెంట్, టెక్ మహీంద్రా ఐటీ కేంద్రాలు తెరిచినప్పుడు ఊరంతా సంబరపడింది, నేనూ పడ్డాను. ఆ తర్వాత ఇక్కడే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్న ఒక యువకుడు నాతో అన్న మాట నోట్‌బుక్‌లో యథాతథంగా రాసుకున్నాను: "సార్, మా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు రెండేండ్లకు హైదరాబాద్ పోతరు. నేనేమనను. రేపు నా కంపెనీ మూతపడితే, ఆ పిల్లలకు ఈ ఊళ్లె రెండో ఉద్యోగం ఎవలిస్తరు?"

ఎన్ని సిద్ధాంతాలు చదివినా ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. మనిషి ఒక ఊళ్లో స్థిరపడేది మొదటి ఉద్యోగాన్ని చూసి కాదు, అది పోతే దొరికే రెండోదాన్ని చూసి. సొంత కంపెనీ పెట్టే ధైర్యం కూడా అక్కడి నుంచే వస్తుంది: మునిగితే మళ్లీ నౌకరీ దొరుకుతుందన్న భరోసా. హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ లేచేసరికి ఈ భరోసా కొంత సిద్ధంగానే ఉంది. 1967 నాటి ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, రక్షణ ప్రయోగశాలలు, సత్యం లాంటి సాఫ్ట్‌వేర్ కంపెనీలు అప్పటికే మనుషులను తయారుచేసి పెట్టాయి. భవనం కట్టగానే ఐటీ వచ్చిందని నమ్మే అధికారులు సమావేశాల్లో నాకు తరచు ఎదురవుతారు. భవనాలు వద్దనను. అందులో ఎన్ని సంస్థలు చేరతాయి, వాటి మధ్య మనుషులు ఎంత తేలిగ్గా మారగలరు అన్న లెక్క కూడా ఫైల్లో ఉండాలంటాను.

కరోనా తర్వాత నా గీతలు తికమకపడ్డాయి. మట్టెవాడలో మా వీధిలోనే మేడ మీది గదుల్లో కూర్చుని బెంగళూరుకు, హైదరాబాద్‌కు, అమెరికాకు పనిచేసేవాళ్లు కనిపించారు. "దీన్ని క్లస్టర్ అనొచ్చా సార్?" అని నా విద్యార్థిని అడిగింది. పనిమంతులున్నారు, నెట్ ఉంది, జీతాలు ఊళ్లోనే ఖర్చవుతున్నాయి. కానీ పక్కింటివాడు ఏ పని చేస్తాడో వీళ్లకు తెలియదు. అనలేమని నేను, చూడకుండా ఎలా తేలుస్తారని ఆమె. ఇప్పుడు ఆమె పరిశోధనాంశం అదే. చౌరస్తా నుంచి ఎంజీఎం ఆసుపత్రి దాకా ఇంటింటికీ వెళ్తోంది. నా రెండు ప్రశ్నలకు ఆమె మూడోది చేర్చింది: ఈ వీధిలో మీ పనే చేసేవాళ్లు ఇంకెవరైనా మీకు తెలుసా?