అయ్యగారికి ఎన్ని శాలువాలు కప్పుతాం?

గుడి వార్షికోత్సవం గురించి గ్రూపులో నాలుగు రోజులుగా నడుస్తున్న మాటలు చదువుతున్నాను. ఫ్లెక్సీ ఎన్ని అడుగులు, శాలువా ఏ రంగు, అయ్యగారి ఫొటో పైన వేయాలా మధ్యలోనా అని. నా చందా నేను ఇస్తాను. కానీ ఒక మాట మనసులో ఉంది, కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి. నేను చదివింది అరవ బడిలో. తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర, గుడిలో బైబిలు దగ్గర వచ్చిందే.

మనం పాస్టరుని అయ్యగారు అంటాం. తిరునెల్వేలి వైపు క్రైస్తవులు అయ్యర్ అంటారు, కొత్తవాళ్ళు బ్రాహ్మణుడేమో అనుకుంటారు! పిలుపులో ఎక్కడా లోటు లేదు. ఇంట్లో బియ్యం ఉన్నాయా అని అడిగేవాళ్ళే తక్కువ.

ఆ తిరునెల్వేలి నుంచే వచ్చాడు అజరయ్య బిషప్పు. 1874లో వెళ్ళాలన్‌విళైలో పుట్టాడు, అరవం ఆయన మాతృభాష. డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని తెలుగువాళ్ళ మధ్యే బతికాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానానికి వచ్చిన మొదటి భారతీయుడు. డోర్నకల్ అంటే మా రైల్వేవాళ్ళకు కాజీపేట, విజయవాడ లైనులో ఒక జంక్షను. నాకు మాత్రం ఆ బోర్డు చూసినప్పుడల్లా ఈయనే గుర్తొచ్చేవాడు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన ఒక సంగతి సూటిగా అడిగాడు. తెల్ల మిషనరీలు మన కోసం ఎంతో త్యాగం చేశారు, కానీ మనల్ని పక్కన కూర్చోబెట్టుకునే స్నేహితులు కాలేదని ఆయన బాధ. ఇప్పుడు తెల్లవాళ్ళు లేరు. మనం మన అయ్యగారితో అదే చేస్తున్నాం. ఆదివారం దేవుడిలా చూస్తాం, సోమవారం జీతగాడిలా. స్నేహితుడిగా ఎప్పుడు?

ఆయన డయాసిస్‌లో ఎక్కువమంది మాల, మాదిగ కూలి కుటుంబాలు. అక్కడి ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన పెట్టి గుడికి తెచ్చేవాళ్ళు. ఫ్లెక్సీ లేదు, శాలువా లేదు. రోజూ పొయ్యి దగ్గర సంఘం గుర్తుకొచ్చేది, అంతే. నా లెక్కలో సన్మానమంటే అది.

తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయం తీసి చూడండి. పెద్దల గౌరవం గురించి చెప్పి, పౌలు వెంటనే కళ్ళం తొక్కే ఎద్దు సంగతి, పనివాడి కూలి సంగతి ఎత్తుతాడు. ఆ తర్వాత, సాక్షులు లేకుండా పెద్దమీద ఫిర్యాదు తీసుకోవద్దంటాడు. నిజంగా తప్పు చేస్తే అందరి ముందే గద్దించమంటాడు. కూలి, చాడీలు, జవాబుదారీ మూడూ ఒక్కచోటే ఉన్నాయి. గౌరవం పేరు చెప్పి కానుకల లెక్క అడగొద్దనేవాళ్ళు ఆ చివరిది చదవరు. టీ హోటల్లో అయ్యగారి గురించి గుసగుసలాడేవాళ్ళు మధ్యది చదవరు.

మన అయ్యగారు అంకీసా, ఆసరెల్లి వైపు బండి మీద వెళ్ళి ప్రార్థనలు పెడుతున్నారు. పెట్రోలు ఎవరు పోస్తున్నారో మీకు తెలుసా? ఆయన భత్యం ఒక నెల పదో తేదీన, ఒక నెల ఇరవైకి అందుతోంది. నేను ముప్పై ఏళ్ళు పైగా జీతం బిల్లులు రాసినవాణ్ణి. ఒకటో తేదీ తప్పితే ఇంట్లో ఎట్లా ఉంటుందో, ముఖ్యంగా అమ్మగారికి కిరాణా కొట్టు దగ్గర ఎట్లా ఉంటుందో, నాకు బాగా తెలుసు. పిల్లలు మరాఠీ బడికి వెళ్తున్నారు, ట్యూషను కావాలి. మన ఇళ్ళలో మరాఠీ బాగా వచ్చిన కాలేజీ పిల్లలు ఉన్నారు. సాయంత్రం గంటసేపు కూర్చుంటే సరిపోతుంది, దానికి చందా కూడా అక్కర్లేదు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంటుంది. భత్యం ఒకటో తేదీకే ఇవ్వాలని, పెట్రోలు వేరుగా చూడాలని నేను లేచి అడుగుతాను. మీరూ ఉండండి. ఫ్లెక్సీ ఆరడుగులు చాలు.