నడిసముద్రంలో తువ్వాలు

ఓడలో రోజులెలా గడుస్తాయని మీరు అడిగితే ముందు కుర్చీల సంగతి చెప్పాలండీ. సముద్రం సంగతి తరవాత. నీళ్ళదేముంది, ఎటు చూసినా అవే.

ఫ్లోరిడాలో ఎక్కి స్పెయిన్‌లో దిగే ఓడ మాది. ఎండాకాలం వస్తోందంటే ఈ పెద్ద ఓడలు కొన్ని కరీబియన్ దీవులు వదిలి మధ్యధరా సముద్రానికి మకాం మారుస్తాయి. ఖాళీగా పోవడం ఎందుకని దారిలో మనలాంటివాళ్ళని కాస్త చవగ్గా ఎక్కించుకుంటాయి. రేవులు తక్కువ, నడిసముద్రం రోజులు ఎక్కువ. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి టిక్కెట్లు కొనిచ్చి, "హాయిగా కూర్చోండమ్మా, ఏ పనీ ఉండదు" అన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. కూర్చోడానికి చోటు దొరకాలిగా!

పొద్దున్న ఆరున్నరకి ఈతకొలను దగ్గరికి వెళ్తే కుర్చీల్లో ఒక్క మనిషి లేడు. ప్రతి కుర్చీ మీదా నీలం చారల తువ్వాలు మాత్రం ఉంది. కొన్నిటి మీద పుస్తకం, ఒకదాని మీద ఒంటి చెప్పు. తువ్వాలు వేసినవాళ్ళు కిందికెళ్ళి టిఫిన్లు కానిచ్చి, స్నానాలు ముగించి, తొమ్మిదిన్నరకి తీరుబడిగా వస్తారన్నమాట. మా ఆయన ఎంత సంబరపడ్డారో! రాజమండ్రి కాంప్లెక్సులో అమలాపురం బస్సు ఇంకా ఆగకుండానే కిటికీలోంచి జేబురుమాలు విసిరి సీటు పట్టిన చెయ్యి ఆయనది. "చూశావా, దొరలూ మనవాళ్ళే" అన్నారు. మర్నాటి నుంచి ఐదున్నరకే లేచి కూర్చునేవారు.

ఓడవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? చీటీల కట్ట పట్టుకుని ఓ కుర్రాడు తిరుగుతుంటాడు. మనిషి లేని కుర్చీకి టైము రాసిన చీటీ అంటించి పోతాడు. నలభై నిమిషాలయ్యాక వచ్చి, అప్పటికీ మనిషి లేకపోతే తువ్వాలూ పుస్తకమూ ఒంటి చెప్పూ అన్నీ బుట్టలో వేసుకుపోతాడు. ఆ తరవాత జరిగే తగువులు నాకు నాటకాల కన్నా బావున్నాయి. రాత్రిపూట నిజంగానే నాటకాలుంటాయి. పాటలు, మ్యాజిక్కు, బింగో, తినడానికి ఎప్పుడూ ఏదో ఒకటి. ఇవన్నీ ఫొటోల్లో మీరు చూసే ఉంటారు, వదిలేద్దాం.

ఫొటోల్లో కనపడనిది కాలం. తూర్పుకి పోయే ఓడలో రోజుకి ఇరవైనాలుగు గంటలుండవు. రెండేసి రోజులకోసారి రాత్రి గడియారం గంట ముందుకి తిప్పేస్తారు. మా ఆయన ఐదున్నరకి లేచారనుకుంటారుగానీ, ఒంటికి తెలిసింది నాలుగున్నరే. తువ్వాలు వేసొచ్చి పడుకునేవారు, చీటీ అంటించే వేళకి గురక! ఇక వారాలైతే బొత్తిగా కలిసిపోతాయి. అందుకే లిఫ్టులో కాళ్ళ కింద వేసే చాప మీద ఇవాళ ఏ వారమో రాసుంటుంది. అర్ధరాత్రి దాటాక ఆ చాప మార్చడం ఒకరి ఉద్యోగం. అది చూసుకునే శనివారం ఒంటిపొద్దు ఉన్నాను.

మధ్యాహ్నం పన్నెండింటికి కెప్టెను మైకులో పలకరిస్తాడు. ఎంత దూరం వచ్చాం, గాలి ఎటు, ఓడ కింద లోతెంత. నాలుగు వేల మీటర్లన్నాడోరోజు. ధవళేశ్వరంలో గోదారి వరద 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని అడుగుల్లో భయపడ్డం నేర్చుకున్నవాళ్ళం మేము. నాలుగు వేల మీటర్లంటే భయం ఎక్కడ మొదలెట్టాలో కూడా తెలీలేదు. ఐస్‌క్రీమ్ తిన్నాం.

ఇంతకీ ఈ తువ్వాలు విద్య మనకి బస్సులతో వచ్చింది కాదండోయ్. అంతకు ముందు స్టీమర్లున్నాయి. తాతల తరంలో గోదావరి జిల్లాల్లో "రంగం వెళ్ళాడు" అనే మాట వినపడని ఊరు తక్కువ. రంగమంటే రంగూనే. అట్లాసు తీసి చూడండి, కాకినాడా రంగూనూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉంటాయి, 17 డిగ్రీలకి కాస్త కిందగా. మధ్యలో సుమారు 1,500 కిలోమీటర్ల బంగాళాఖాతం. మనదీ వరి పండే డెల్టా, అక్కడ ఐరావతిదీ వరి డెల్టాయే. ఇక్కడ పనిలేని చేతులకి అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవులో పని. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో తెలుగువాళ్ళు లక్షన్నర దాటారు. మన కోరంగి రేవు పేరు మీద వాళ్ళనక్కడ కోరంగీలనే పిలిచేవారు. కోరంగిని గోదారి మేట కప్పేసింది, పేరు మాత్రం బర్మాలో మిగిలింది.

ఆ మేట పుణ్యమే, కాకినాడలోనూ ఓడ ఒడ్డుకి రాలేకపోయేది. ఎక్కడో దూరంగా లంగరేసుకుంటే, పడవల్లో అక్కడిదాకా వెళ్ళి నిచ్చెన పట్టుకుని ఎక్కడం. చోటు పట్టే పందెం పడవలోనే మొదలయ్యేదన్నమాట. డెక్కు టిక్కెట్టుకి గదీ మంచం ఉండవు. పరుపుచుట్ట ఎక్కడ విప్పితే అదే ఇల్లు. మూడు నాలుగు రోజులు వంటా పిల్లలూ వాంతులూ పేకాటా అన్నీ ఆ చాపంత మేరలోనే.

గాంధీగారు 1915లో కలకత్తా నుంచి రంగూన్‌కి డెక్కు మీదే వెళ్ళారు. మరుగుదొడ్ల కంపు గురించి ఆత్మకథలో రాసుకున్నారు, కంపెనీకి ఫిర్యాదూ చేశారు. అక్కడితో ఆగలేదు. కూర్చున్నచోటే ఉమ్మేస్తారనీ, దొరికినంత మేరా ఆక్రమిస్తారనీ, మనుషుల కన్నా వాళ్ళ సామాన్లే ఎక్కువ చోటు తీసుకున్నాయనీ ప్రయాణికులకీ చీవాట్లు పెట్టారు. ఉమ్మే సంగతి ఆయనదే న్యాయం. సామాన్ల విషయంలో మాత్రం నేను డెక్కువాళ్ళ పక్షం. ఎప్పుడు తిరిగొస్తాడో తెలియని మనిషి మూట పెద్దది కాకేమవుతుందీ? ఈతకొలను దగ్గర ఒంటి చెప్పు పెట్టి పోయినవాడికి ఆ సాకు లేదు.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక, ఆ డెక్కు మీద చాపంత చోటు కోసమే జనం విరగబడ్డారు. ఓడ అందనివాళ్ళు వేలకొద్దీ అరకాన్ దారినీ అస్సాం కొండల దారినీ నడిచారు. అందరూ చేరలేదు.

ఇక మా ఓడలో మాకు అడిగి అడిగి పప్పు వండిపెట్టిన ఆయన గోవా మనిషి. ఏడెనిమిది నెలల కాంట్రాక్టు, వారానికి ఏడు రోజులూ పని. "నడిసముద్రం రోజైతే మాకు నరకమమ్మా, అందరూ ఓడలోనే ఉండి తింటారు" అన్నాడు నవ్వుతూ. ఆయన గది నీటిమట్టానికి కింద, ఇద్దరికొకటి, మంచం మీద మంచం. ఈతకొలను కుర్చీల్లో కూర్చునే హక్కు లేదుట. ఆ రోజు మా ఆయన్ని తువ్వాలు తీసేయమన్నాను. తీశారు, మొహం చిన్నబుచ్చుకుని.

మీరెప్పుడైనా వెళ్తే గది మాత్రం చూసుకు పట్టండి. బాల్కనీ, పై అంతస్తు అని పిల్లలు ఆశపెడతారు. వినకండి. ఓడకి సరిగ్గా నడుమన, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ముందు కొసనా వెనక కొసనా పడుకుంటే అల వచ్చినప్పుడల్లా లేచి పడాల్సిందే. పైగా ఆ గది చవక కూడాను. మిగిలిన డబ్బుతో స్పెయిన్‌లో ఇంకో రోజుండొచ్చు. వాంతుల బిళ్ళ ఓడ కదలక ముందే వేసుకోవాలి, కదిలాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. కుర్చీ కావాలంటే నీడవైపు, లైబ్రరీ పక్కన వరండా ఒకటుంటుంది. అక్కడ తువ్వాళ్ళెవరూ వెయ్యరు. ఈత కొట్టేవాళ్ళు కనపడరని.