భారము నేలకు దిగిన పిదప

మా కల్లూరు రాయచూరు జిల్లాలోనిది. మహాలక్ష్మీ దేవాలయము గల ఊరని చెప్పినచో ఈ ప్రాంతమువారు వెంటనే గుర్తింతురు. మా పెద్దలు తుంగభద్ర ఎడమగట్టు కాలువ నీటిని నమ్ముకొని కోస్తా జిల్లాలనుండి ఈ నల్లరేగడి భూములకు వచ్చినవారు. 1953లో ఆనకట్టనుండి నీరు వదలబడుటయు, 1956 నవంబరు 1వ తేదీన ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రమును వీడి మైసూరు రాష్ట్రమున చేరుటయు ఈ సంచిక చదువరుల ఇండ్లలో పలుమారులు చెప్పుకొన్న ముచ్చటలే. మేమిప్పుడు చెప్పబోవునది అంత పెద్ద కథ కాదు. ఒక కారు ఒక ప్రక్కకు ఒరిగిన కథ. అయినను మమ్ము సిగ్గుపరచిన పాఠమొకటి అందున్నది గనుక వ్రాయుచున్నాము.

మా ఇంట 1987వ సంవత్సరపు అంబాసిడరు కారు ఉండెడిది. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు కారు మూడవ వరుసను ఆధారముగా గొని హిందూస్థాన్ మోటార్సువారు కలకత్తా చేరువనున్న ఉత్తరపాడలో 2014 వరకు తయారుచేసిన బండి అది. దాని ముందు చక్రముల భారమును టార్షన్ బార్లనబడు ఉక్కు కడ్డీలు మెలిపడి మోయును. వెనుక భారమును ఎద్దుబండివానికిని పరిచితములైన కమాను కట్టలు మోయును. పెండ్లికి, పేరంటమునకు, ఎరువుల బస్తాలకు, ఆసుపత్రికి అన్నింటికి అదియే మాకు వాహనము.

2009 సెప్టెంబరు చివరను, అక్టోబరు మొదటను కురిసిన వానలు రాయచూరు, కర్నూలు జిల్లాలను ముంచెత్తిన సంగతి పాఠకులు మరచియుండరు. నీరు తీసిన పిదప రోడ్లు గుంతలై మిగిలెను. ఆ గుంతలలో తిరిగి తిరిగి మా కారు వెనుక ఎడమ కమాను కట్టలోని పెద్దపట్టీ విరిగెను. మా ఊరి మేస్త్రీ చూచి, రెండు ప్రక్కలను మార్చవలెనని చెప్పెను. ఒక ప్రక్క క్రొత్త కట్ట, మరియొక ప్రక్క ఇరువది యేండ్లు బరువు మోసి చదునుపడిన కట్ట ఉన్నచో బండి సమముగా నిలువదని ఆయన మాట. మేము రాయచూరునుండి జత కట్టలను, వాని చివర రంధ్రములలో ఇమిడెడి రబ్బరు బుష్షులను తెచ్చి యిచ్చితిమి.

2010 జనవరిలో ఒకనాటి సాయంకాలము పని మొదలయ్యెను. మేస్త్రీ కుడి ప్రక్కను పూర్తిచేసి, చక్రమును నేలకు దింపి, బోల్టులను బిగించెను. ఎడమ ప్రక్క కట్టను ఎక్కించి, యూ బోల్టులను బిగించి, చివరి బోల్టులను చేతితో మాత్రము త్రిప్పి ఉంచెను. అంతలో బంధువు మరణించినట్లు కబురు వచ్చెను. "పొద్దున్నే వచ్చి దించి బిగిస్తాను. దాన్ని ముట్టుకోకండి, సావుకారూ" అని చెప్పి ఆయన వెడలిపోయెను.

మరునాటి ఉదయము ఎనిమిది గంటలకు రాయచూరులో మా తండ్రిగారికి కంటి శస్త్రచికిత్స. మేస్త్రీ వచ్చునంతవరకు నిలుచు ఓపిక మాకు లేకపోయెను. రాత్రి టార్చిలైటు వెలుగులో, జాకీపై చక్రము వ్రేలాడుచుండగనే ఆ బోల్టులను శక్తికొలది బిగించి, బండిని దింపి, ఇంత పనికి మేస్త్రీ యేలయని మాలో మేము మురిసికొంటిమి.

తెల్లవారి చూడగా కారు కుడి ప్రక్కకు ఒరిగియున్నది. వెనుక కుడి మడ్గార్డు ఎడమదానికంటె అంగుళము దిగువనున్నది. అటులనే ప్రయాణమైతిమి. తిరుగుప్రయాణమున కంటికి కట్టు కట్టుకొన్న తండ్రిగారు ప్రతి గుంతకును తలుపు గట్టిగా పట్టుకొనుచుండిరి. కుదుపు తగులరాదని వైద్యులు చెప్పియుండిరి. మా మనస్సు మండిపోవుచుండెను. దిగినది కుడి ప్రక్క. కుడి ప్రక్కను బిగించినవాడు మేస్త్రీ. కావున పాత కట్టకు రంగు పూసి వేసి, మా క్రొత్త కట్టను దాచికొన్నాడని నిశ్చయించుకొంటిమి.

సాయంకాలము ఆయన షెడ్డునకు పోయి అనరాని మాటలంటిమి. అంతటితో ఆగక, "మా వాళ్లయితే ఇట్లా చెయ్యరు. మీ వాళ్ల పనే ఇంత" అని కూడ అంటిమి. షెడ్డులో నలుగురుండిరి. ఒక్కరును మాటాడలేదు. తండ్రిగారు కారులోనే కూర్చుండి అంతయు వినిరి.

మేస్త్రీ బదులు చెప్పలేదు. డిక్కీలోని రెండు బియ్యపు బస్తాలను దింపించెను. నాలుగు చక్రముల గాలిని కొలిచి సమము చేసెను. బండిని ప్రక్కనున్న గోదాము సిమెంటు నేలమీదికి తీసికొనిపోయి, నాలుగు మూలలను చేతులతో నొక్కి ఊపి వదలెను. తరువాత ప్రతి చక్రము నడిబొడ్డునుండి పైనున్న మడ్గార్డు అంచువరకు టేపుతో కొలిచెను. నేలనుండి కొలిచినచో టైర్ల అరుగుదలయు అందు కలియును; అందువలననే ఈ పద్ధతి. వెనుక ఎడమ మూల అంగుళము ఎత్తు. ముందు కుడి మూల కొంచెము దిగువ.

ప్రక్కనున్నవాడొకడు, "ముందు కుడివైపు టార్షన్ బారు కొంచెం పైకి సర్దితే సరి" అని సలహా యిచ్చెను. మేమును సరేయంటిమి. మేస్త్రీ ఒప్పుకొనలేదు. నాలుగు కాళ్ల మంచమున ఒక కాలు పొడుగైనచో దాని ప్రక్క మూల లొటలొటలాడును. ఆ మూలక్రింద రాయి పెట్టినంతమాత్రమున కాలు పొట్టిది కాదుగదా. ఆయన ముందు అడ్డదూలము నడుమ ఒక్కచోట జాకీ ఆనించి ముందు భాగమును లేపెను. అప్పుడు ముందు చక్రములు బండిని ఏ ప్రక్కకును త్రోయజాలవు. అయినను వెనుక వంపు అట్లే నిలిచెను. తప్పు వెనుకనే ఉన్నదని తేలెను. కట్టలలోని పట్టీలను మాచేతనే లెక్కింపజేసెను. రెండింటను సమమే, రెండును క్రొత్తవే. షాకబ్జార్బర్లను అడిగితిమి. అవి ఊపును అణచునేగాని బరువును మోయవనెను.

అప్పుడాయన మెల్లగా, "ఎడమవైపు బోల్టులు ఎవరు బిగించారు?" అని అడిగెను.

మేము తల వంచుకొంటిమి.

బుష్షు నడుమనున్న ఇనుప గొట్టమును బోల్టు గట్టిగా పట్టుకొనును. బరువు పడి కట్ట చదునగునపుడు దాని చివరి కన్ను కొంత తిరుగును. రబ్బరు ఆ మేరకు మెలిపడును. బండి నేలపై నిలిచియుండగా బిగించినచో రబ్బరు మెలిక లేని నిలుకడలో ఉండి, ఇటు కొంత అటు కొంత ఆడును. చక్రము వ్రేలాడుచుండగా బిగించినచో, బండిని దింపినంతనే రబ్బరు పిండిన బట్టవలె మెలిపడి, ఆ ప్రక్కను క్రిందికి దిగనీయక ఎత్తిపట్టును. కొలది కాలములోనే చినిగిపోవును. మేము దిగినదని నిందించిన కుడి ప్రక్కయే సరియైనది. మా చేతి ఎడమ ప్రక్క దిగవలసినంత దిగక నిలిచినది.

చక్రములక్రింద దిమ్మెలు పెట్టి, బరువంతయు చక్రములపైననే ఉండగా, ఆయన ఎడమ బోల్టులను వదులుచేసెను. రబ్బరు కిర్రుమనెను, బండి మా కండ్ల యెదుటనే దిగెను. ఊపి, మరల బిగించి, కొలువగా వ్యత్యాసము కాలంగుళములోపునకు వచ్చెను. క్రొత్త కట్టలు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిదప సర్దుకొనుననియు, అప్పుడు యూ బోల్టులను మరియొకసారి బిగింపవలెననియు చెప్పెను.

"ఇది మీకు మొదటనే తోచలేదా?" అని అడిగితిమి. "తోచింది, సావుకారూ. కాని అప్పుడే చెబితే, నా తప్పు మీ మీద పెడుతున్నానని అనుకునేవారు" అనెను.

నేటి కార్లలో కమాను కట్టలకు బదులు చుట్టు స్ప్రింగులు వచ్చినవి. వానిని మార్చినప్పుడు వంపు కనబడినచో స్ప్రింగు కొన తన గూటిలో సరిగా కూర్చున్నదా, పైనున్న రబ్బరు దిండు తప్పిపోయినదా, రెండు ప్రక్కలకు తగిన స్ప్రింగులే పడినవా అని చూడవలెను. అయినను రబ్బరు బుష్షులు గల చేతులను బండి బరువు చక్రములపై నున్నప్పుడే బిగింపవలెనను నియమము మాత్రము మారలేదు.

ఇంటికి వచ్చిన పిదప తండ్రిగారు, "బండి సరిపడింది. నువ్వన్న మాట సంగతేమిట్రా?" అని మాత్రము అనిరి. మరుసటి శుక్రవారము మేము మేస్త్రీ ఇంటికి పోయి, షెడ్డులోనుండిన ఆ నలుగురిలో దొరికినవారిని పిలిపించి, వారి యెదుటనే క్షమాపణ చెప్పుకొంటిమి. ఆయన ఇల్లాలు చాయ ఇచ్చెను. ఆ మాట మరల ఎన్నడును మా నడుమ రాలేదు.

మా పెద్దలు ఇక్కడ దిగి అరువది యేండ్లు దాటినది. అయినను సింధనూరు, మాన్వి ప్రాంతములలో మనవారి ఊళ్లను నేటికిని 'క్యాంపు'లనియే పిలుతురు. మనమును అట్లే పిలుచుకొందుము. భూములిక్కడివి, పంటలిక్కడివి, పిల్లల చదువు కన్నడములో, మన పెద్దల బూడిద కలిసినది ఈ నేలలోనే. కాని కోపము వచ్చిన ఆనాడు మా నోట "మీ వాళ్లు" అను మాట ఎంత సులువుగా వచ్చెనో తలచుకొన్నచో, మా బరువు ఇంకను పూర్తిగా ఈ నేలకు దిగలేదని తోచును. జాకీమీద వ్రేలాడుచునే బోల్టులను బిగించుకొన్నవారము మేమే. ఎదుటి ప్రక్క కుంగినదని చూచువారు ముందు తమ ప్రక్క ఎత్తిపట్టి యున్నదేమో చూచుకొనవలెనని ఆనాడు మాకు బోధపడెను.

తండ్రిగారు ఇప్పుడు లేరు. కారును అమ్మివేసితిమి. ఆ రాత్రి బోల్టులు బిగించిన పానా మాత్రము మా గోడకు వ్రేలాడుచున్నది.