చప్పుడుకీ చప్పుడుకీ నడుమ

సెప్టెంబర్ 14, 2024. ఉప్పాడ
ఏలేరు ముంపు వచ్చి వారం కాలేదు, అప్పుడే మా వీధిలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. నాన్నకి ఇది రెండో రోజు, 102. గుంట మగ్గంలోకి నీరు ఊరుతోందని అమ్మ దిగులు. నాకు నాన్న దిగులు. బళ్లో పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు వాడే, గుండె చప్పుళ్లు కొలిచే ఛాతీ బెల్టు సంచీలో వేసుకొచ్చాను.

సెప్టెంబర్ 15
లేవకముందే కొలవాలి. కాఫీ తాగకూడదు, మాట్లాడకూడదు, అయిదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. మూడో నిమిషంలో అమ్మ కాఫీ తెచ్చింది, "పంచదార వేశావా?" అన్నాడు నాన్న. మళ్లీ మొదటి నుంచీ.
నాడి నిమిషానికి 100. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య ఎడం మిల్లీసెకన్లలో: 600, 604, 599, 603. చూడగానే గుండె జల్లుమంది. సంక్రాంతికి సరదాగా కొలిస్తే పక్కపక్క ఎడాల తేడా సగటున 26 వచ్చింది. ఇవాళ 4.

అదే రోజు, రాత్రి
నిబ్బరంగా ఉన్న గుండె గడియారంలా కొట్టుకోదు. ఊపిరి పీలిస్తే కాస్త తొందరపడుతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. ఆ పగ్గం వేగస్ నరం చేతిలో ఉంటుంది. వైరస్‌తో ఒళ్లు పోరాడేటప్పుడు ఆ పగ్గం సడలి, ఎడాలన్నీ దాదాపు ఒకేలా అయిపోతాయి. నాడి వేగం పెరిగినా తేడా కొంత తగ్గుతుంది కాబట్టి 4 అంతా వైరస్ ఖాతాలో వేయలేను. అది ఏ వైరస్సో కూడా ఈ అంకె చెప్పదు. రక్తపరీక్షే చెప్పాలి. డెంగీకి చేసే ఎన్‌ఎస్1 పరీక్ష నెగెటివ్, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు. అయినా డెంగీ కాదని ఇప్పుడే అనను. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పిమాత్ర ఇవ్వొద్దని అమ్మకి రెండుసార్లు చెప్పాను.

సెప్టెంబర్ 16
2020లో న్యూయార్క్‌లోని మౌంట్ సినై వైద్యులు సుమారు 300 మంది ఆసుపత్రి సిబ్బంది చేతి గడియారాల్లో ఇదే చూశారు. కొవిడ్ అని తేలడానికి వారం ముందు నుంచే గుండె ఎడాల్లో మార్పు కనిపించింది. మా వీధిలో అలాంటి గడియారం ఎవరి చేతికీ లేదు. మా వీధివాళ్లకీ జబ్బు ముందే తెలిసే దారి ఉండాలని గట్టిగా అనిపిస్తుంది.

సెప్టెంబర్ 17
జ్వరం దిగింది. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నాకు భయం ఇవాళే ఎక్కువ. డెంగీ అయితే ప్రమాదం జ్వరం తగ్గాకే. కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ల రక్తం ఉన్నాయేమోనని గంటగంటకీ అడిగాను. ఏమీ లేవు. ప్లేట్‌లెట్లూ నిలకడగానే ఉన్నాయి.
"ఏం చెప్తందే నీ బెల్టు?" అన్నాడు నాన్న.
ఎడాలు ఎగుడుదిగుడుగా ఉండడమే మంచిదని చెప్పాను. పైకప్పు కేసి చూస్తూ కాసేపు ఊరుకున్నాడు.
"మగ్గమూ అంతే కదే. చప్పుడు ఒకే లెక్కన పడతందంటే ఒట్టి నేత. బుటా కాడ ఆగాలి. నేనూ మీ అమ్మా చేత్తో పోగు వేసుకోవాలి, అప్పుడు మళ్లీ నాడె."
నిజమే. చిన్నప్పుడు వంటింట్లో నుంచే ఆ ఆగడం విని బుటా వచ్చిందని చెప్పేదాన్ని. జాందానీ నేసే ఇంట్లో పెరిగి కూడా, ఇన్నేళ్లుగా క్లాసులో ఈ మాట చెప్పడం నాకు తోచలేదు.

సెప్టెంబర్ 20
740, 757, 735, 752. తేడా 19. నాడి 80. సంక్రాంతి లెక్కకి ఇంకా రాలేదు. గుంటలో నీరు తోడేశారు, నాన్న మగ్గం ఎక్కుతానంటాడు. కాళ్లాడించే పని ఇప్పుడే వద్దన్నాను. చాలాసేపు వాదించుకున్నాక, నీడన కూర్చుని కండెలు చుట్టుకోవడానికి మాత్రం ఒప్పుకున్నాను.