జేజినాయన కుంట

కరువు సీమలో వానకు భయపడేవాళ్లుంటారంటే బయటివాళ్లు నమ్మరు. మా జేజినాయన భయపడేవాడు. కళ్యాణదుర్గం వైపు మా ఊళ్లో వాళ్ల నాయన సొంత డబ్బుతో కట్టించిన కుంట ఒకటుండేది. రెండు నిలువుల మట్టికట్ట, ఒక తూము, కొసన రాళ్లు పరిచిన మరవ. సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే జిల్లా మాది. ఏళ్ల తరబడి ఎండి పగుళ్లిచ్చి, చెదలూ ఎండ్రకాయలూ బొక్కలు చేసిన కట్ట మీదికి ఒక్క రాత్రిలో నీళ్లొచ్చి పడతాయి. అదీ ఆయన భయం.

అట్లాంటి రాత్రి నన్నూ వెంటబెట్టుకుని పోయేవాడు. కట్ట పైన కాదు, వెనకవైపు కింద అంచున నడిచేవాళ్లం. ఎక్కడన్నా ఊట కనబడితే గాజుగ్లాసులో పట్టి లాంతరుకు ఎదురుగా పెట్టమనేవాడు. "తేటగుండాయా, బురదగుండాయా? సరిగ్గా చూసి చెప్పురా." తేటనీళ్లయితే ముందుకు నడిచేవాళ్లం. రంగు తిరిగాయంటే కట్ట లోపలి మన్ను కొట్టుకొస్తున్నట్టే. ఒకసారి తిరిగాయి. మా చిన్నాయన ఆ ఊటను బంకమట్టితో మూసేయబోతే జేజినాయన కేకలేశాడు. ఇక్కడ మూస్తే ఇంకోచోట పగులుతుందని ఆయన వాదన. ముందు ఇసక పోయించి, దానిమీద గులక, ఆపైన రాళ్లు పేర్పించాడు. "నీళ్లు పోవాల, మన్ను నిలవాల." తెల్లారేసరికి తేటనీళ్లొచ్చాయి. ఇంజినీర్లు చేసేదీ అదేనని చాలా ఏళ్లకు తెలిసింది.

ఈ భయం పాతదే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గరున్న 1369 నాటి శాసనం చెరువుకు ఆరు దోషాలు చెబుతూ, కట్టలోంచి నీరు కారడాన్నీ అందులో చేర్చింది. మా జేజి మాత్రం బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ చెప్పేది. తెగబోయే కట్ట నిలవడానికి ఆ కోడలు బలి కావాల్సొచ్చిందట. నాకైతే ఇసకా గులకే నయమనిపించేది.

డ్యాములకు ప్రమాదపు తరగతి వేసేటప్పుడు చూసేది కట్ట ఎంత గట్టిదని కాదు, తెగితే కింద ఏం పోతుందని. జేజినాయన కాలంలో కింద ఉన్నవి మా వరిమడి, ఒక కపిలబావి. ఇప్పుడక్కడ వరసగా ఇళ్లు, ఒక అంగన్‌వాడీ. కట్ట అదే, తరగతి మారిపోయింది. వేసేవాళ్లెవరు? 2021 డ్యాం భద్రతా చట్టం 15 మీటర్లు దాటినవాటిని, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటిని లెక్కలోకి తీసుకుంటుంది. మా కుంట వాటి నడుముకు కూడా రాదు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ ఇళ్లే.

మొన్న వెళ్తే మరవకు అడ్డంగా వల కట్టి, కింద ఇసక మూటలు పేర్చున్నాయి. చిన్నాయన కొడుకు చేపలు పెంచుతున్నాడు. మరవ మూసుకుపోయి నీళ్లు కట్ట మీదుగా పొర్లాయంటే మట్టి నిలవదు, కోసుకుపోతుంది. అదే చెప్పాను.

"చేపలు పోతాయి కదన్నా!"

కాసేపు వాదించుకున్నాం. చివరికి వానలకు ముందే మూటలు తీసేస్తానన్నాడు. వల సంగతి మాట్లాడలేదు. సెప్టెంబరులో ఫోన్ చేసి అడగాలి.