డెల్టా కాళ్ళకు మంచు కొండ

తెనాలి నుంచి రేపల్లెకు రైలు దారి 34 కిలోమీటర్లు. జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన. కిటికీ పక్కన కూర్చుని ఎంత వెతికినా ఎత్తుగా కనపడేవి తాటిచెట్లూ, భట్టిప్రోలు బౌద్ధస్తూపపు దిబ్బా తప్ప ఇంకేం ఉండవు. తెనాలి సముద్రమట్టానికి పది పన్నెండు మీటర్ల ఎత్తులో ఉంటుంది. రేపల్లె వైపు పోయేకొద్దీ అదీ తగ్గుతుంది గానీ, కాలవలో నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తే తప్ప నేల ఎటు వాలిందో చెప్పలేం. నీరు పల్లమెరుగు అంటారు. మా వైపు పల్లం తెలిసింది నీటికొక్కదానికే. మనుషులకు తెలిసిన వాలు కాలవగట్టు, కాకపోతే కృష్ణ కరకట్ట. పెనుమూడి దగ్గర కరకట్ట మీద నుంచి బ్రేకుల్లేని సైకిల్ని కిందికి వదలడాన్ని మించిన సాహసం మా చిన్నప్పుడు రేపల్లె పిల్లలకు లేదు.

ఆ నేల మీద నడక నేర్చినవాణ్ణి నేను. ఉద్యోగం దుబాయ్ తీసుకొచ్చింది. ఇదీ బల్లపరుపు నేలే, ఇక్కడా పక్కనే సముద్రం. ఆగస్టులో ఇక్కడి ఉక్కపోత సూర్యలంక ఒడ్డున మే నెల మధ్యాహ్నాన్ని గుర్తు చేస్తుంది, నాలుగింతలు చేసి. అలాంటి చోట 2005లో మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌ని ఆనుకుని స్కీ దుబాయ్ తెరిచారు. విస్తీర్ణం 22,500 చదరపు మీటర్లు, మన లెక్కలో ఐదున్నర ఎకరాలు. కట్టడం ఎత్తు 85 మీటర్లు. లోపల ఐదు జారుడు దారులు. అన్నిటికన్నా పొడవైనది 400 మీటర్లు, అందులో 60 మీటర్ల దిగుడు. తెనాలి నుంచి రేపల్లె దాకా రైల్లో పోయినా దిగనంత దిగుడు ఇక్కడ రెండు వీధుల దూరంలో దిగిపోతాం.

కప్పు కింద స్కీయింగ్ దుబాయ్ వాళ్ళ సొంత ఊహ అనుకుంటారు చాలామంది. కానీ 1927లోనే వియన్నాలో వాడకం ఆగిపోయిన ఒక రైల్వే స్టేషన్లో వాలు కట్టి, సోడాతో చేసిన కృత్రిమ మంచు పరిచి జనాన్ని జారనిచ్చారు. ఎక్కువ కాలం సాగలేదు. ఆ మాటకొస్తే హైదరాబాదు కూడా దుబాయ్ కంటే ముందే మేలుకుంది. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ 2004లోనే మొదలైంది. కాకపోతే అక్కడికి వెళ్ళేది మంచు చల్లుకుని ఆడుకోవడానికి. కాళ్ళకు పలకలు కట్టుకుని కొండ దిగాలంటే మన దేశంలో గుల్మార్గ్‌కో ఔలీకో పోవాలి.

మా మావయ్యగారిది బాపట్ల. పర్చూరు వైపు పొలాల్లో మిర్చి పండించి, గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో బస్తాలు పెట్టి ధర కోసం ఎదురుచూసిన మనిషి. అత్తయ్యనీ ఆయన్నీ మంచు చూపించడానికి స్కీ దుబాయ్‌కి తీసుకెళితే, అక్కడ పెంచే పెంగ్విన్లను ఒకసారి అలా చూసి, కప్పు వైపూ గోడల వైపూ తలెత్తి చాలాసేపు నిలబడ్డారు.

“బాబూ, ఇది మన మిర్చి కోల్డ్ స్టోరేజే కదా! బస్తాల బదులు మనుషుల్ని పెట్టారు.”

నవ్వాను గానీ ఇంజనీరుగా చెప్పాలంటే అది పదహారణాల నిజం. బయటి వేడి లోపలికి రానివ్వని దళసరి గోడలు, మంచు కింద గడ్డకట్టని చల్లటి ద్రవం తిరిగే గొట్టాలు, పగలు సున్నాకు ఒకటి రెండు డిగ్రీల కింద నిలిపే యంత్రాలు. రాత్రి జనం వెళ్ళిపోయాక చలి ఇంకా పెంచి, పైనుంచి నీటిని సన్నటి తుంపరగా చిమ్ముతారు. ఆ తుంపర నేలను తాకేలోపే గాల్లో గడ్డకట్టి మంచుగా రాలుతుంది. నిజాంపట్నం పడవల కోసం ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉప్పునీటి తొట్టెల్లో డబ్బాలు ముంచి, అమ్మోనియా యంత్రంతో చల్లబరిచి దిమ్మలు తీస్తారు. శాస్త్రం ఒకటే. డబ్బాలో కదలకుండా గడ్డకడితే దిమ్మ, గాల్లో తుంపరగా గడ్డకడితే మంచు. ఇదంతా విన్నాక ఆయన అడిగిన రెండో ప్రశ్న కరెంటు బిల్లు గురించి. ఎడారిలో మంచు కొండ నిలబెట్టడం వృథా ఖర్చేనంటే నేను కాదనను. ఈ నగరంలో ఎండాకాలం బతకడమే ఏసీల మీద బతకడం. ఆ వృథాలో ఇదొక ముక్క. అది తెలిసీ వెళ్తాను.

అత్తయ్యది వేరే గొడవ. చీర మీద వాళ్ళిచ్చే మందపాటి ప్యాంటు ఎక్కదు. మా ఆవిడ ముందే చుడీదార్ వేయించి తీసుకొచ్చింది. “ఇంత ఎండలో స్వెట్టరేవిటే!” అని కారులోంచే మొదలుపెట్టిన అత్తయ్య, లోపల అడుగుపెట్టిన కాసేపటికి చెవుల మీదికి టోపీ లాక్కుని, మనవరాలి మీద మంచు ముద్దలు విసరడంలో పడిపోయింది.

మన వాళ్ళలో చాలామంది అక్కడితో ఆగిపోతారు. మంచు ముద్ద విసిరారు, ట్యూబులో కూర్చుని జారారు, పెంగ్విన్ ముందు ఫోటో దిగారు, వేడి చాక్లెట్ తాగి బయటికొచ్చారు. అసలు కొండ అద్దం అవతల ఉంటుంది, దాన్ని చూస్తారు గానీ ఎక్కరు. “మనకెందుకండీ, కాలో చెయ్యో విరిగితే!” ఈ మాట తెలుగువాళ్ళ నోట ఎన్నిసార్లు విన్నానో. అదే మనిషి ఊళ్ళో హెల్మెట్ లేకుండా ముగ్గుర్ని ఎక్కించుకుని బైకు నడుపుతాడు.

నిజానికి స్కీయింగ్‌లో కష్టం చలీ కాదు, పడతామన్న భయమూ కాదు. వాలు మీద మన ఒళ్ళు చెప్పే మాట తప్పు కావడం. కింద లోతు కనపడగానే ఒళ్ళు దానంతటదే వెనక్కి వాలుతుంది. బల్లపరుపు నేల మనిషికైతే మరీనూ. వెనక్కి వాలామా, బరువంతా మడమల మీద పడి పలకల ముందు భాగం తేలిపోతుంది, ఎటూ తిప్పలేం, వేగం పెరుగుతుంది. భయపడి వెనక్కి తగ్గినవాడే జోరుగా కిందికి పోతాడన్నమాట. ముందుకు వంగాలి. బూటు గట్టి ప్లాస్టిక్ది, మడమ కదలదు. దాని నాలుక మీద ముంగాలి ఎముక ఆనేలా మోకాళ్ళు వంచాలి. అప్పుడు గానీ పలకలు మాట వినవు.

మాకు నేర్పిన ఫిలిప్పీన్స్ కుర్రాడు సహజమైన మంచు ఎప్పుడూ చూడలేదట, స్కీయింగ్ ఈ కప్పు కిందే నేర్చుకున్నాడట. చక్కగా నేర్పాడు. ముందు ఒక్క పలకతో నడిపించాడు. తర్వాత వాలుకు అడ్డంగా నిలబడి పక్క అడుగులతో పైకి ఎక్కించాడు. ఆ ఎక్కడంలోనే, ఏసీ ఆఫీసుల్లో కూర్చుని మరిచిపోయిన తొడలు గుర్తొచ్చాయి. పలకల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెడితే వేగం తగ్గుతుంది, ఇంకాస్త విడదీస్తే ఆగుతాం. పిల్లలకు సులువుగా గుర్తుండాలని దీన్ని ‘పిజ్జా’ అంటారు. మా అమ్మాయి ఎంతో ముందు పట్టేసింది. పిల్లలకు పడే దూరం తక్కువ, ఆలోచన ఇంకా తక్కువ. “నాన్నా, పిజ్జా! పిజ్జా!” అని కింద నుంచి అది అరుస్తుంటే నేను దిగాను.

పెద్ద వాలు మీదికి కుర్చీల లిఫ్టు ఎక్కనివ్వాలంటే మలుపు తిరగడం, వేగం అదుపు చేయడం, ఆగడం వచ్చి ఉండాలని ఇక్కడ నియమం. మంచి నియమం. రాకపోతే పాఠానికి డబ్బు కట్టాలి. ఇది డబ్బు గుంజడానికే అని గొణిగే మన మిత్రులున్నారు. కానీ అదుపు తప్పి దిగేవాడు తన కాలు ఒక్కటే విరగ్గొట్టుకోడు, కింద నిలబడ్డ ఎవరి పిల్లనో గుద్దుతాడు.

డెల్టాలో పుట్టినవాళ్ళకు కొండల ఆట ఎందుకు అని మావయ్య అన్నారు. నెదర్లాండ్స్ సంగతి చెప్పాను. రైన్ నది డెల్టా దేశం, చాలా భాగం పల్లమే. అక్కడ హేగ్ నగరం పక్కన, సముద్రమట్టానికి దిగువన ఉన్న జూటర్‌మీర్ అనే ఊళ్ళో కప్పు కింద మంచు వాలు ఉంది. కొండ లేని పిల్లలు అక్కడ నేర్చుకుని ఆల్ప్స్ పర్వతాలకు పోతారు. మన దగ్గర సంగతి చూస్తే, 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు దేశం మొత్తం నుంచి వెళ్ళిన క్రీడాకారుడు ఒకే ఒక్కడు, కాశ్మీర్ స్కీయర్ ఆరిఫ్ ఖాన్. మైదానాల పిల్లలకు ఆ దారే తెలియదు. మావయ్య విని, “అయితే మన దుగ్గిరాల పసుపు గోడౌన్లకే కాస్త వాలు పెడితే సరి” అన్నారు. ఆయనతో వాదించి నెగ్గినవాళ్ళు లేరు.

సెలవులకు దుబాయ్ వచ్చే మన తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్ళకు నేను చెప్పేది ఇదే. పెంగ్విన్లతో ఫోటో దిగండి, వద్దనను. కానీ పిల్లలతో పాటు మీరు కూడా ఒక్క మొదటి పాఠానికి డబ్బు కట్టండి. కోట్లు, బూట్లు, పలకలు వాళ్ళే ఇస్తారు. మోకాళ్ళ దాకా వచ్చే మందపాటి మేజోళ్ళు, చేతి తొడుగులు ఇంటి దగ్గరే కొని తెచ్చుకోండి. శని, ఆదివారాలు వదిలేసి మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి, వాలు ఖాళీగా ఉంటుంది.