గీతకు అటూ ఇటూ

చీరాల స్టేషన్లో దిగి బయటికొస్తే, ఆటో అతను "ఎక్కడికి?" అనలేదు. "ప్లాటు చూసుకోటానికా అన్నా?" అన్నాడు. ఒకప్పుడు ఇక్కడ దిగినవాళ్ళని బట్టలకొచ్చారా అని అడిగేవారు. చిన్న బొంబాయి అని పేరున్న ఊరు మరి. ఇప్పుడు సంచీ పట్టుకున్న ప్రతివాడూ గజాల లెక్కలో కనిపిస్తున్నట్టున్నాడు.

అతను మరీ తప్పేం అనలేదు. నేనొచ్చింది భూమి మీద ఉన్నా కంటికి కనపడని ఒక గీతను చూడటానికి. మున్సిపాలిటీ హద్దు.

ఆ గీతతో చీరాలకున్నంత పేచీ మరే ఊరికీ లేదేమో. 1919లో చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేశారు. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు ఎగబాకింది. నేతగాళ్ళు, చిన్న రైతులు ఉన్న ఊరు. వద్దు మొర్రో అన్నా సర్కారు వినలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చారు. పన్ను కట్టకుండా జైలుకెళ్ళండి, లేదా హద్దు దాటి బయటికి పొండి అని రెండు దారులు చెప్పారు. ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రెండోది ఎంచుకున్నారు. హద్దు లోపల ఉంటేనే కదా పన్ను! వేలాది జనం ఇళ్ళకు తాళాలు వేసి, హద్దు అవతల తాటాకు పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, ఎండా వానా భరిస్తూ పదకొండు నెలలున్నారు. కాపలాకు రామదండు అనే స్వచ్ఛంద దళం. దుగ్గిరాలను జైల్లో పెట్టాక, చేతిలో డబ్బులయిపోయాక వెనక్కొచ్చారు.

పట్టణ పాలన వద్దని ఊరు మొత్తం గీత దాటిన కథ అది. ఇప్పుడు గీత దాటుతున్నది జనం కాదు, వెంచర్లు.

గడియార స్తంభం దగ్గర బాబాయ్ ఎదురొచ్చాడు. వరసకు బాబాయ్. ముప్పై ఏళ్ళు లేఅవుట్ ప్లాన్లు గీసి, చూపు తగ్గాక మానుకున్నాడు. ఆయన పక్కన జాండ్రపేట ఆవిడ ఒకరు, నేతపని చేసే మనిషి. కూతురి పేర టోకెన్ అడ్వాన్స్ కట్టిందట. రిజిస్ట్రేషన్‌కు ముందు ఒకసారి చూసిపెట్టమని ఆయన్ని పట్టుకుంది. "నువ్వూ రా అబ్బాయ్, కాగితం మీద రాసేవాడివి, నేల మీద ఎట్టా ఉంటుందో చూద్దువు" అన్నాడు. ముగ్గురం అదే ఆటో ఎక్కాం.

ఏ ఊరి పొలిమేరో చెప్పను. ఇసుక నేల, సరుగుడు తోపులు, వేరుశనగ. ఈ తీరంలో దొరువులని ఉండేవి. ఇసుకలో మనిషి లోతున తవ్విన గుంటలు. దిగి, రెండు కడవలు ముంచి, భుజాన కావడితో మొక్కమొక్కకూ నీళ్ళు పోసేవారు. మేం వెళ్ళినచోట సిమెంటు ఆర్చి, దానికి బెలూన్లు, లోపల ఎర్ర గ్రావెల్ రోడ్డు. కాలితో గీకితే రెండంగుళాల కింద ఇసుకే. వరసగా పాతిన రాళ్ళు, వాటిమీద పసుపు రంగుతో నంబర్లు. కొబ్బరి మొక్కలకు ఇంకా నర్సరీ సంచులు ఊడదీయలేదు.

బ్రోకర్ కుర్రాడు చేతిలో రంగుల ప్రింటు పెట్టాడు. ఎంత తీరుగా ఉందో! నీలం రోడ్లు, గులాబీ ప్లాట్లు, ఈశాన్యం మూలన పచ్చగా పార్కు. "హద్దు ఎక్కడ?" అన్నాను. చెప్పు కొసతో గ్రావెల్ మీద గీత గీశాడు. "ఇటు పంచాయతీ సార్, అటు మున్సిపాలిటీ. ఇక్కడ పన్ను తక్కువ. సర్పంచ్ గారు మనవాళ్ళే. కౌన్సిల్లో కూడా మనవాళ్ళున్నారు, రేపోమాపో కలిపేస్తారు. అప్పుడు చూడండి గజం రేటు!"

ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. పన్ను తక్కువని గీత బయట కొనాలి, గీత జరిగాక లోపల అమ్మాలి. గీతను జరిపే చేతులు కూడా మనవాళ్ళవే కావాలి. అతను నిజమే చెప్పాడో, అమ్మకం కోసం కోతలు కోశాడో నాకు తెలీదు. కొనేవాళ్ళకు అది బెదురు కాకుండా భరోసాగా వినపడటమే నన్ను ఆపేసింది. జాండ్రపేట ఆవిడ తల ఊపింది కూడా.

బాబాయ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "పంచాయతీ అప్రూవల్ అంటూ విడిగా ఏమీ ఉండదమ్మా. నగరాభివృద్ధి సంస్థో, టౌన్ ప్లానింగ్ వాళ్ళో సాంకేతిక అనుమతి ఇస్తేనే పంచాయతీ సంతకం చెల్లుతుంది." 2017 లేఅవుట్ నియమాల ప్రకారం పదో వంతు స్థలం ఖాళీగా వదలాలి. దాన్నీ, రోడ్లనూ స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్‌తో రాసివ్వాలి. కాలవలు, రోడ్లు, దీపాలు పూర్తయ్యేదాకా 15 శాతం ప్లాట్లు తాకట్టులో ఉండాలి. "తాకట్టు ఎప్పుడు విడిపించాలన్నది ఒక సంతకం. ఆ సంతకం కోసం పైనుంచి ఒక ఫోను. ఫోను చేసేవాడికి ఇక్కడ ఒక వాటా. అంతేరా అబ్బాయ్."

వాటా. పత్రికల్లో మేం ప్రయోజనాల వైరుధ్యం అని రాస్తాం, చదివినవాళ్ళకు పంటికింద రాయిలా తగులుతుంది. బాబాయ్ మాట రెండక్షరాలు. ఆ వాటా ఫోను చేసేవాడి పేర ఉండదు. బామ్మర్దిపేరో, తోడల్లుడిపేరో ఉంటుంది.

చట్టంలో దీనికి మందు లేదా అంటే, సగం ఉంది. 1965 మున్సిపాలిటీల చట్టం కౌన్సిల్‌తో కాంట్రాక్టులో లాభం ఉన్న సభ్యుణ్ణి అనర్హుణ్ణి చేస్తుంది. కాలవ కట్టే పని తమ్ముడి పేర తీసుకుంటున్నవాడి మీద కన్నేయటానికి రాసిన మాట అది. వెంచర్ కాంట్రాక్టు కాదు, అనుమతి. అనుమతి ఇచ్చే చేతికీ, పుచ్చుకునే చేతికీ చుట్టరికం ఉంటే ఆ మాట పట్టదు. నామినేషన్‌తో ఇచ్చే ఆస్తుల చిట్టా ఆ రోజుతో సరి, తర్వాత అయిదేళ్ళు ఎవరు ఏ పొలం కొన్నారో చెప్పదు. 1992 నాటి 74వ సవరణ పట్టణ ప్రణాళికను పన్నెండో షెడ్యూల్లో మొట్టమొదటి అంశంగా రాసింది. ఊరి గీతలు ఊరివాళ్ళే గీసుకోవాలని దాని ఆశ. గీసేవాడి జేబు చూడాలని రాయటం మరిచారు.

ఇంగ్లండు జేబు చూస్తుంది. జాన్ పౌల్సన్ అనే ఆర్కిటెక్టు కౌన్సిలర్లకు, అధికారులకు ముడుపులిచ్చి పనులు దక్కించుకుని 1974లో జైలుకెళ్ళాడు. అక్కడి 2011 చట్టం ప్రకారం కౌన్సిలర్ 28 రోజుల్లో తన ఆదాయాలూ, ఆ ఊళ్ళో ఉన్న భూములూ, భార్యవో భర్తవో కూడా రిజిస్టర్లో రాయాలి. తన లాభం ముడిపడ్డ అంశం వస్తే నోరెత్తకూడదు, ఓటెయ్యకూడదు. ఇది చెబితే బాబాయ్ అంతా విని, "భార్యదాకా రాయించారు, బాగుంది. బామ్మర్దినెక్కడ రాయించారు?" అన్నాడు. జవాబు లేదు.

మన దగ్గర పెద్ద ఎత్తున ఇదే ప్రశ్న అమరావతిలో లేచింది. రాజధాని ఎక్కడొస్తుందో ముందే తెలిసి భూములు కొన్నారని పెట్టిన ఒక కేసును 2021 జనవరిలో హైకోర్టు కొట్టేసింది. ఇన్‌సైడర్ ట్రేడింగ్ షేర్ల మార్కెట్ సంగతి, భూమి అమ్మకాలకు దాన్ని అంటగట్టలేమంది. జూలైలో సుప్రీంకోర్టూ ఆ తీర్పును కదపలేదు. ఆరోపణలో నిజమెంతన్నది నా పని కాదు. గీత ఎక్కడ పడుతుందో ముందే తెలియడాన్ని మన చట్టం ఏ పేరుతో పిలవాలో ఇంకా తేల్చుకోలేదన్నదే నాకు మిగిలింది.

నాదీ ఒక గోడు ఉంది. వేరే ఊళ్ళో, ఇరవై ఏళ్ళ కింద, మేం కొన్న లేఅవుట్లో కూడా ప్రింటు మీద పచ్చరంగు ఉండేది. గిఫ్ట్ డీడ్ రిజిస్టరు కాలేదని ఆ పచ్చరంగులో రెండంతస్తుల ఇల్లు లేచినప్పుడు తెలిసింది. అడగటానికి వెళ్ళిన మాకు వార్డు పెద్దమనిషి కాఫీ ఇప్పించి, తమ పార్టీ గుర్తున్న కేలండరు ఇచ్చి పంపాడు. ఆ కేలండరు మా వంటింట్లో ఏడాదంతా వేలాడింది, సిగ్గులేకుండా.

అట్లాంటి లేఅవుట్లకు సర్కారు చూపే దారి క్రమబద్ధీకరణ. 2007లో, 2020లో, మళ్ళీ 2025లో వచ్చింది. 2020 పథకంలో పార్కు వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. కట్టేది ఎవరు? పార్కు మింగినవాడు అప్పటికి అమ్ముకుని వెళ్ళిపోయి ఉంటాడు. కొన్నవాడు కడతాడు.

జాండ్రపేట ఆవిడ మా మాటలు వింటూ ప్రింటును అటూ ఇటూ తిప్పుతోంది. మగ్గం లాగే చేయి, చూపుడువేలి పక్కన కాయ కాచి ఉంది. ఆ వేలితోనే ఈశాన్యం మూల తట్టింది. "ఇదెక్కడుందో చూపించు బాబూ. పిల్ల దీని పక్కనే కావాలంది."

బాబాయ్ ఆర్చి దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. మేం వెనకాల. రోడ్డు చివర గ్రావెల్ ఆగిపోయింది, నేల కాస్త పల్లంగా, తడిగా ఉంది. కొత్తమట్టి కింద పూడ్చిన దొరువు. ఆ పల్లంలో రెండు రాళ్ళు పాతి ఉన్నాయి. 61, 62. ప్రింటులో నంబర్లు 60తో ఆగిపోయాయి. నేను వంగి 61 మీద వేలు పెట్టాను. రంగు ఆరలేదు, పసుపు అంటుకుంది. ఆవిడ కొంగుతో నా వేలు తుడిచింది.

వెనకనుంచి కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "అవి వేరే సార్, కార్నర్ బిట్లు. రేటు కొంచెం ఎక్కువ."